ఫ్రీజర్‌లో ఐసు గడ్డ కట్టేస్తే లోపల దాచిన విత్తనం ఏమవుతుంది?



ఈసారి వీడియో పొలంలో కాదు, మా వంటింట్లో తీశాను. ప్రకృతి వ్యవసాయం చేసేవాడికి ఫ్రిజ్‌తో ఏం పని అనుకోకండి. మనలో చాలామంది ఇప్పుడు దేశవాళీ విత్తనాలను ఫ్రీజర్‌లోనే దాస్తున్నాం. ఆ ఫ్రీజర్‌ని పట్టించుకోక నేను ఒక బీర రకాన్ని దాదాపు పోగొట్టుకున్నాను. నా తప్పు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

అసలు ఏం జరిగిందంటే

మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పొట్టి బీర అది. ఏటా దొడ్లో పందిరికి పాకించేవాళ్లం. రెండేళ్లు వేయడం కుదరక, గింజలు కాగితం పొట్లాల్లో కట్టి, పాలిథిన్ కవర్లో పెట్టి, ఫ్రీజర్ మూలకి తోసేశాను. మాది ఒకే తలుపు ఉన్న పాత రకం ఫ్రిజ్. వానాకాలం వచ్చేసరికి లోపల ఐసు నాలుగు వేళ్ల మందం పెరిగి, ఫ్రీజర్ మూత కూడా పడటం మానేసింది. "ఒకసారి ఖాళీ చేసి కడగండి" అని మా ఆవిడ చెబుతూనే ఉంది. రేపు చూద్దాంలే అంటూ వచ్చాను.

ఒక రాత్రి కరెంటు పోయి మర్నాడు మధ్యాహ్నం దాకా రాలేదు. ఐసు కరిగి నీళ్లు పొట్లాల్లోకి దిగాయి. కరెంటు రాగానే మళ్లీ గడ్డ కట్టింది. ఆ వానాకాలంలో ఇలా రెండు మూడుసార్లు అయింది.

తర్వాతి తొలకరికి 20 గింజలు తడిగుడ్డలో మూటకట్టి చూస్తే రెండే మొలిచాయి. పాతబడ్డాయి కాబోలు అనుకున్నాను. కానీ అదే ఏడాది తీసిన ఆనప గింజలు, అదే ఫ్రీజర్‌లో గాజు సీసాలో ఉన్నవి, 20కి 17 మొలిచాయి. అప్పుడు అర్థమైంది: చెడగొట్టింది చలి కాదు, తడి.

ఐసు ఎందుకు పేరుకుంటుంది?

ఎండాకాలంలో చల్లటి నీళ్ల గ్లాసు బయట పెడితే పైన చెమట పట్టినట్టు నీళ్లు పడతాయి కదా. అది గాలిలోని తేమే. ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ బయటి గాలి లోపలికి పోతుంది. అందులోని తేమ ఫ్రీజర్ గోడలను తాకి ఐసుగా మారుతుంది. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఐసు కూడా త్వరగా పెరుగుతుంది. వేడి వేడి గిన్నెలు, మూత లేని పాలు, కూరలు పెట్టినా ఇదే సంగతి.

ఐసు ఎక్కువుంటే చల్లదనం ఎక్కువ అనుకుంటాం. నిజానికి గోడల మీది ఐసు గోనెసంచి కప్పినట్టు పనిచేస్తుంది. గోడ చల్లదనం లోపలి సామానుకి అందదు. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. అందుకే ఐసు అర సెంటీమీటరు మందం దాటకముందే తీసేయాలి.

తీసే పద్ధతి (వీడియోలో వరసగా చూపించాను)

1. ముందు ప్లగ్గు పీకేయండి. విత్తనాల సీసాలు, మిగతా సామాను థర్మాకోల్ పెట్టెలో సర్ది పైన దుప్పటి కప్పండి. పక్కింటి ఫ్రిజ్‌లో చోటుంటే ఇంకా మంచిది. సీసా మూతలు మాత్రం తీయకండి.

2. కింద పాత తువ్వాళ్లు పరవండి. ఫ్రీజర్‌లో మడతపెట్టిన గుడ్డ వేసి, దాని మీద వేడినీళ్ల గిన్నె పెట్టి తలుపు మూయండి. నీళ్లు సలసల మరిగేవి వద్దు. 15, 20 నిమిషాలకోసారి నీళ్లు మార్చండి.

3. ఐసు వదులై కదిలినప్పుడు చేత్తో గానీ చెక్క గరిటెతో గానీ తీయండి. చాకు, స్క్రూడ్రైవర్ పెట్టి పొడవకండి. గోడల్లోనే గ్యాసు తిరిగే సన్నటి దారులుంటాయి. చిల్లు పడితే గ్యాసు పోయి, పెద్ద రిపేరు అవుతుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండే ఆర్-600ఎ గ్యాసుకి మండే గుణం కూడా ఉంది. పొరపాటున బుస్సుమన్న శబ్దం వస్తే కిటికీలు తెరవండి, స్విచ్చులు, పొయ్యి ముట్టుకోకండి.

4. ఉప్పు చల్లకండి, లోహం తినేస్తుంది. జుట్టు ఆరబెట్టే మిషన్ కూడా వద్దు. నీళ్లున్న చోట కరెంటు పరికరం ప్రాణాల మీదకు తెస్తుంది.

5. అంతా కరిగాక లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి తుడవండి. పొడిగుడ్డతో తడి లేకుండా ఒత్తి, అరగంట తలుపు తెరిచి ఆరనివ్వండి. ఇక్కడ తడి మిగిలితే రేపటి ఐసు అదే. తర్వాత ప్లగ్గు పెట్టి, రెండు మూడు గంటలు నడిచి బాగా చల్లబడ్డాక సామాను సర్దండి.

ఒకే తలుపు ఫ్రిజ్‌లలో చాలావాటికి నాబ్ మధ్యలో డీఫ్రాస్ట్ బటన్ ఉంటుంది. ఐసు పలచగా ఉన్నప్పుడే అది నొక్కితే ఇంత శ్రమ ఉండదు. ఐసు కట్టని రకం, అంటే ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో ఐసు పేరుకుంటుంటే ముందు తలుపు సరిగ్గా పడుతోందో లేదో చూడండి. అది బాగానే ఉంటే లోపల ఏదో చెడిందని అర్థం. మెకానిక్‌ని పిలవాలి.

కూరగాయలు, మాంసం లాంటివి తీసేటప్పటికి ఇంకా ఐసు పలుకులతో గట్టిగా ఉంటే తిరిగి పెట్టుకోవచ్చు. మెత్తబడినా ఇంకా చల్లగానే ఉంటే అదే రోజు వండేయండి. వెచ్చబడి గంటలు గడిచినవి వద్దు.

మళ్లీ పేరుకోకుండా

తలుపు రబ్బరుని ఒకసారి పరీక్షించండి. పది రూపాయల నోటు మధ్యలో పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే అక్కడి నుంచి గాలి పోతోందన్నమాట. రబ్బరుకి పట్టిన జిడ్డు సబ్బునీళ్లతో కడగండి. అప్పటికీ బిగుతు రాకపోతే రబ్బరు మార్పించాలి. వేడివి చల్లారాకే పెట్టండి, అన్నిటికీ మూతలు పెట్టండి.

విత్తనం దాచే పద్ధతి

జీన్ బ్యాంకులు విత్తనాలను బాగా ఆరబెట్టాకే గాలి చొరకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర దాస్తాయి. మన ఇంట్లో కూడా సూత్రం అదే. విత్తనంలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుందని విత్తన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. అంటే ముందు ఆరబెట్టడం, తర్వాతే చలి. పచ్చి గింజ ఫ్రీజర్‌లో పెడితే లోపలి నీరు గడ్డకట్టి మొలక చచ్చిపోతుంది. బీజామృతం పట్టించిన గింజ కూడా దాచడానికి కాదు, విత్తడానికే.

నీడలో బాగా ఆరిన బీర, ఆనప గింజను వంచితే టక్కున విరగాలి. వంగితే ఇంకా ఆరలేదు. బిగుతు మూత ఉన్న గాజు సీసాలో, అడుగున దోరగా వేయించి చల్లార్చిన బియ్యం చిన్న గుడ్డమూటలో వేసి, పైన గింజలు పోసి మూయండి. అది తేమ పీల్చుకుంటుంది. సీసా మీద రకం, సంవత్సరం రాయండి. బయటికి తీసిన సీసాని ఒక రాత్రంతా అలాగే వదిలేసి, గది వేడికి వచ్చాకే మూత తెరవండి. వెంటనే తెరిస్తే గింజలకు చెమట పడుతుంది. మామిడి, పనస, నేరేడు గింజలకు ఈ పద్ధతి పనికిరాదు. అవి ఆరితేనే చచ్చిపోతాయి.

మొలిచిన ఆ రెండు బీర గింజల్ని కుండీల్లో పెంచి పందిరి కింద నాటాను. కాసిన కాయ ఒక్కటి కూడా కూరకి కోయనివ్వలేదు. అన్నీ తీగ మీదే ఎండనిచ్చాం. ఆ గింజలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి: సీసాలో ఫ్రీజర్‌లో కొన్ని, బూడిద కలిపి కుండలో కొన్ని, మా చెల్లెలి ఊళ్లో కొన్ని. ఏ విత్తనాన్నీ ఒక్కచోటే నమ్ముకుని ఉంచకూడదు.

ఇది చదివాక ఒకసారి వెళ్లి మీ ఫ్రీజర్ తెరిచి చూడండి. మూలన ఐసులో ఏదైనా పొట్లం ఇరుక్కుని ఉంటే ఇవాళే తీయండి. పది గింజలు తడిగుడ్డలో వేసి, ఎన్ని మొలిచాయో నాకూ చెప్పండి.