జాలి కథకు సీటు రాదు

అమెరికాలో డిగ్రీ సీటుకు దరఖాస్తు చేసే పిల్లలకు వైకల్యం ఉంటే ఇంట్లో రెండు వాదనలు మొదలవుతాయి. ‘ఆ సంగతి ఎత్తొద్దు, సీటు పోతుంది’ అని పెద్దవాళ్లు. ‘దరఖాస్తు వ్యాసంలో అదే రాయించండి, జాలిపడి ఇస్తారు’ అని కన్సల్టెన్సీవాళ్లు. రెండూ తప్పే.

ఫెడరల్ నిధులు తీసుకునే కాలేజీలు వైకల్యం ఉందన్న కారణంతో సీటు నిరాకరించకూడదని అక్కడి 1973 నాటి పునరావాస చట్టం 504వ సెక్షన్ చెబుతుంది. అడ్మిషన్‌కు ముందు వైకల్యం ఉందా అని అడగడం కూడా సాధారణంగా కుదరదు. కాబట్టి సీటు పోతుందన్న భయం అక్కర్లేదు, రాయకపోవడం దాపరికమూ కాదు.

అసలు చిక్కు రెండో వాదనతోనే. ఫీజు పుచ్చుకున్న ‘ఎడిటర్’ ఆసుపత్రి మంచంతో మొదలుపెట్టి, అమ్మ కన్నీళ్లు కలిపి, చివర్లో విజయం అతికిస్తాడు. అనేక కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో వ్యాసానికి గరిష్ఠంగా 650 పదాలు. అందులో సగం రోగ వివరాలకే పోతే, ఆ పిల్ల ఏం చదువుతుందో, దేనికి నవ్వుతుందో, దేనిమీద వాదిస్తుందో చెప్పడానికి చోటేదీ? పదిహేడేళ్ల పిల్లను తన ఒంటిని తానే జాలిగా వర్ణించుకోమనడం క్రూరత్వం కూడా.

మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా సంగతే చూడండి. పుట్టుకతో చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్స్ గ్రూపు ఇవ్వబోమంటే కోర్టుకెక్కి సాధించుకున్నాడు. ఇంటర్‌లో 98 శాతం తెచ్చుకున్నాడు, తర్వాత ఎంఐటీలో చేరాడు. ఈ కథను నడిపించింది చూపు లేకపోవడం కాదు, సైన్స్ చదవాలన్న మొండిపట్టు. వైకల్యం గురించి రాయాలనుకునేవాళ్లు పట్టుకోవాల్సిన కొస అదే: తనకేం జరిగిందన్నది రెండు వాక్యాల్లో, తానేం చేసిందన్నది మిగతా అంతటా.

శస్త్రచికిత్స వల్ల ఓ ఏడాది మార్కులు పడిపోయాయా? దానికి దరఖాస్తులోనే వేరే గడి ఉంటుంది, అక్కడ నాలుగు ముక్కల్లో చెప్పేస్తే చాలు.

చాలామంది పొరబడేది ఇంకొకటి ఉంది. వ్యాసంలో రాసినంత మాత్రాన పరీక్షలో అదనపు సమయం రాదు. ప్రవేశ పరీక్ష శాట్‌లో దానికోసం, ఆ పరీక్ష నిర్వహించే కాలేజ్ బోర్డు అనుమతి ముందే తీసుకోవాలి, దానికి వారాలు పడుతుంది. సీటొచ్చాక అలాంటి వెసులుబాట్ల కోసం కాలేజీ వైకల్య సేవల కార్యాలయాన్ని విద్యార్థే స్వయంగా అడగాలి. వీటికి ఆధారం అడగవచ్చు కాబట్టి, కన్సల్టెన్సీకి కట్టే డబ్బుతో ముందు ఇంగ్లిష్‌లో తాజా వైద్య నివేదిక తయారు చేయించుకోవడం మేలు.

మన దగ్గర జేఈఈకి వ్యాసం గొడవ లేదు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం రిజర్వేషన్ ఉంది.

అమ్మానాన్నలకు ఒక్క మనవి: వ్యాసం పంపేముందు పిల్లనే అడగండి. ‘ఈ పేరా వద్దు’ అంటే తీసేయండి, ఎందుకని నిలదీయకండి.