చీరను తిరగేసి చూడండి

సీబీఎస్‌ఈ 11, 12 తరగతుల నైపుణ్య సబ్జెక్టుల్లో ‘టెక్స్‌టైల్ డిజైన్’ ఒకటి. చాలామంది దీన్ని కుట్లు, అల్లికల పాఠం అనుకుంటారు. చూడబోతే ఇందులో రసాయనశాస్త్రం, లెక్కలు, చరిత్ర, చిత్రలేఖనం అన్నీ ఉన్నాయి. మీ బడిలో ఈ సబ్జెక్టు లేకపోయినా మొదటి పాఠం ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. బదిలీల మీద ఊళ్లు తిరిగే మన ఇళ్లలో అమ్మ బీరువాయే ఒక నమూనాల పుస్తకం. సంబల్‌పూర్‌లో ఉన్నప్పుడు కొన్న చీర, గువాహటిలో కొన్న ముగా పట్టు, అమ్మమ్మ పెట్టిన పోచంపల్లి చీర... ఏదో ఒకటి మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది.

ముందు రెండు మాటలు తెలుసుకుందాం. మగ్గం మీద పొడవునా బిగించిన దారాలు పడుగు. నాడెతో అడ్డంగా నేసేవి పేక. బట్ట మీదికి బొమ్మ మూడు దారుల్లో వస్తుంది. నేశాక అచ్చు వేయవచ్చు. నేసేటప్పుడు వేరే రంగు దారంతో బుటా తీయవచ్చు. లేదా నేయకముందే దారానికి రంగులు వేయవచ్చు. ఈ మూడోదే ఇక్కత్. పోచంపల్లి పేరు నిలిపింది ఇదే.

ఎలా చేస్తారో చూడండి. బొమ్మను ముందు గ్రాఫు కాగితం మీద గీస్తారు. పేక దారాన్ని ‘ఆసు’ అనే చట్రం మేకుల మీద చుడతారు. రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీలు బిగించి కట్టి, దారాన్ని రంగులో ముంచుతారు. ఆరాక కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. చివరికి చేతికి వచ్చేది రంగురంగుల మచ్చలున్న దారమే, బొమ్మ కాదు. మగ్గం మీద ఒక్కో మచ్చ తన చోటికి చేరితేనే ఏనుగో పువ్వో కనబడుతుంది. పడుగును, పేకను రెండింటినీ ఇలా కట్టి రంగు వేస్తే అది డబుల్ ఇక్కత్. గుజరాత్‌లోని పాటన్ పటోలా, మన తేలియా రుమాలు ఆ కోవకే చెందుతాయి. చీరాలలో పుట్టి పుట్టపాకలో నిలిచిన ఈ రుమాలుకు దారాన్ని ఆముదపు కాయల బూడిద, నూనె కలిపిన నీళ్లలో నానబెడతారు. రంగు గట్టిగా పట్టడానికే ఇదంతా. కెమిస్ట్రీ ల్యాబుకు వెళ్లకుండానే కెమిస్ట్రీ!

ఆసు పోయడం ఎక్కువగా ఆడవాళ్ల పని. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పితో పడే బాధ చూడలేక, బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన చింతకింది మల్లేశం ఈ పని చేసే యంత్రాన్ని తయారుచేశారు. 1999లో అది పూర్తయింది. దానికి ‘లక్ష్మీ ఆసు యంత్రం’ అని పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. డిజైన్ అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పుడు చీర తిరగేయండి. ఇక్కత్ అయితే రెండువైపులా రంగు ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు ఈకల్లా కొంచెం చెదిరి ఉంటాయి. దారాలు వెంట్రుకవాసి జరగడం వల్ల అలా అవుతుంది. అచ్చు వేసిన బట్టకు అంచులు గీత గీసినట్టుంటాయి, వెనకవైపు సాధారణంగా వెలిసినట్టుంటుంది. బుటా తీసినదైతే వెనక దారాలు వేలాడుతూ కనిపిస్తాయి. ఈ తేడా తెలియడం చిన్న విషయం కాదు. రోజుల తరబడి నేసిన చీర పక్కనే, గంటల్లో అచ్చయిన నకలు అదే ‘పోచంపల్లి’ పేరుతో సగం ధరకు అమ్ముడుపోతుంటే నష్టపోయేది నేతగాడు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. కానీ కొనేవారి కళ్లకు తేడా తెలియనప్పుడు ఆ గుర్తింపు ఎంతవరకు కాపాడుతుంది?

దారం ఏమిటో తెలియకపోతే ఒక పోగు లాగి, పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని, పట్టకారుతో పట్టి కాల్చి చూడండి. నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది. పట్టు, ఉన్ని కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

ఒక పాత నోటుపుస్తకం తీసుకోండి. మీరున్న ఊళ్లో దర్జీని అడిగితే ముక్కలు ఊరికే ఇస్తాడు. ఒక్కో ముక్క అతికించి పక్కన ఊరు, దారం, రంగు వేసిన తీరు, అక్కడివాళ్లు ఆ బట్టను పిలిచే పేరు రాయండి. ఆ పేరును వాళ్ల మాటలోనే, మన లిపిలో రాసుకోండి. ఈసారి బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు ఆ పుస్తకాన్ని లారీలో వేయకుండా మీ చేతిసంచిలోనే పెట్టుకోండి.