అద్దె లేని వేషాలు

వార్షికోత్సవం తేదీ నోటీసు బోర్డులో పడగానే హాస్టల్‌లో మొదలయ్యే గోల విచిత్ర వేషధారణ పోటీ గురించే. కృష్ణుడి వేషం కావాలంటే టౌనులో డ్రెస్సుల షాపుకు అద్దె కట్టాలి, పైగా అడ్వాన్సు పెట్టాలి. ఆ డబ్బు లేని పిల్లవాడికి మిగిలేది బిచ్చగాడి వేషం. చిరుగుల చొక్కా, సత్తు గిన్నె ఉంటే చాలు.

మేము ఏడో తరగతిలో ఉండగా బడిలో హాస్టల్ పిల్లలం ముగ్గురం పేర్లిచ్చాము. ముగ్గురికీ బిచ్చగాడి వేషమే చెప్పారు. బట్టలు వెదకాల్సిన పని కూడా లేదని ఎవరో అంటే అందరూ నవ్వారు. మాలో ఒకడికి మూడో బహుమతిగా స్టీలు ప్లేటు వచ్చింది. వాడు దాన్ని ఇంటికి తీసుకెళ్లలేదు. ఏ వేషానికి ఇచ్చారని వాళ్లమ్మ అడుగుతుంది కదా!

అందుకే మేము నలుగురం పాత విద్యార్థులం ప్రతి ఏటా వారం ముందుగా వచ్చి తమ్ముళ్లకు వేషాలు కడుతున్నాము. బిచ్చగాడు, పిచ్చివాడు, తాగుబోతు వేషాలు మాత్రం కట్టము. మిగతావి ఏవైనా సరే. ఎలా చేస్తామో ఇక్కడ రాస్తున్నాము.

ముందు అంబేద్కర్ గారి వేషం. కోటు దగ్గరే అందరూ ఆగిపోతారు. పెద్దవాళ్ల పాత నీలం ఫుల్ చొక్కా ఒకటి సంపాదించండి. చేతులు పొడవైతే లోపలికి మడిచి టాకాలు వేయండి. భుజాల లోపల వార్తాపత్రిక నాలుగు మడతలు పెట్టి కుడితే కోటులా నిలబడుతుంది. కోటు కాలరు మడతలను అట్టతో కత్తిరించి, అదే రంగు గుడ్డ చుట్టి మెడ దగ్గర కుట్టాలి. లోపల బడి తెల్లచొక్కా, నల్లగుడ్డ టై. కళ్లజోడుకు సన్నని ఇనుప తీగను రెండు గుండ్రాలుగా వంచి నల్లదారం చుట్టండి. తీగ కొనలను వెనక్కి మడవడం మరచిపోవద్దు, చెవి వెనుక గీసుకుంటుంది. అద్దాలు అక్కర్లేదు. జేబులో పెన్ను, ఎడమ చేతిలో అట్టవేసిన లావుపాటి పుస్తకం, కుడి చేయి ముందుకు చాచి చూపుడు వేలు. మన ఊళ్లలోని విగ్రహాన్ని ఒకసారి శ్రద్ధగా చూసి వస్తే చాలు. పుస్తకం ఏమిటని జడ్జీలు అడుగుతారు. రాజ్యాంగాన్ని 1949 నవంబరు 26న ఆమోదించారని, 1950 జనవరి 26న అది అమలులోకి వచ్చిందని, రచనా సంఘానికి ఆయనే అధ్యక్షుడని వేషం వేసినవాడికి నోటికి వచ్చి ఉండాలి. వేషం బాగుండి నోరు పెగలకపోతే మార్కులు పడవు.

మాకు అన్నిటికన్నా ఇష్టమైనది సావిత్రిబాయి ఫూలే వేషం. మగపిల్లల హాస్టల్‌లో ఆడవేషమా అని ఇకిలించే వాళ్లు ఉంటారు. స్థానం నరసింహారావు గారు సత్యభామ వంటి స్త్రీ పాత్రలతోనే పేరు పొంది, 1956లో పద్మశ్రీ అందుకున్నారని వాళ్లకు చెప్పండి. ఈ వేషానికి అంచు చీర ఒకటి, పలక ఒకటి కావాలి. వీటికి తోడు ఒక గుడ్డసంచి, అందులో ఇంకో చీర. 1848లో పుణేలో ఆమె, భర్త జోతిరావు కలిసి ఆడపిల్లల బడి పెట్టారు. బడికి వెళ్లే దారిలో జనం ఆమె మీద బురద, పేడ విసిరేవారట. అందుకని మార్చుకోవడానికి రెండో చీర వెంట తీసుకెళ్లేవారని చెబుతారు. మేము కట్టిన చీర కుచ్చిళ్ల మీద ఎర్రమట్టి కలిపిన నీళ్లు చల్లి ఆరబెడతాము. అందుకు పాత చీరే తీసుకోండి, అమ్మ దాచుకున్న చీర అడగవద్దు. స్టేజీ ఎక్కినవాడు ఏమీ మాట్లాడకుండా మురికి చీర చూపి, సంచిలోంచి శుభ్రమైన చీర తీస్తాడు. మొదటిసారి ఇది వేయించినప్పుడు వెనుక వరుసలో వంట అక్క కళ్లు తుడుచుకోవడం మేము చూశాము.

ఎవరెస్టు వేషం చిన్నవాళ్లకు సరదా. 2014 మే 25న మన సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుతున్న మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఆ శిఖరం ఎక్కారు. అప్పుడు పూర్ణ వయసు పదమూడేళ్లు! రెండు పెద్ద కూల్‌డ్రింక్ సీసాలకు నారింజ రంగు కాగితం చుట్టి వీపుకు కడితే ఆక్సిజన్ సిలిండర్లు. మాస్కుకు కొబ్బరి చిప్ప వెలుపల నూనె రాసి, జిగురులో తడిపిన కాగితం ముక్కలు ఐదారు పొరలు అంటించి, ఆరాక ఊడదీయాలి. ముక్కు దగ్గర పెద్ద కంతలు పెట్టండి. జిగురు కోసం గ్లాసు మైదాకు ఐదు గ్లాసుల నీళ్లు పోసి, ఉండ కట్టకుండా కలుపుతూ సన్నసెగ మీద ఉడికించాలి. పోస్టర్లు అంటించేవాళ్లు అందులో మైలుతుత్తం వేస్తారు. అది విషం, ముఖానికి పెట్టుకునే దానిలో వేయరాదు. గొట్టానికి పాత సైకిల్ ట్యూబు వాడండి. ఆసుపత్రి వెనుక పడేసిన సెలైన్ గొట్టాలు మాత్రం ముట్టుకోవద్దు.

ఇంకొక సంగతి. గడ్డానికి దూది అంటించినవాణ్ణి జ్యోతి ప్రజ్వలన దీపం దగ్గరకు పోనివ్వకండి. దూది క్షణంలో అంటుకుంటుంది. గోడల రంగులు, పెయింట్లు ముఖానికి వద్దు. మా ఊళ్లో పులివేషం వేసినవాళ్లు కిరోసిన్‌తో ఒళ్లు తుడుచుకుని, రెండు రోజులు మంటతో బాధపడటం మాకు తెలుసు. మీసాలకు కాటుక చాలు, కొబ్బరినూనెతో పోతుంది.

పాత వార్తాపత్రికలు, అట్టపెట్టెలు, ఖాళీ సీసాలు ఇప్పటినుండే ట్రంకుపెట్టెల కింద దాచండి. గుడ్డముక్కలు టైలరును అడిగితే ఊరికే ఇస్తాడు. పేర్లు రాసుకునే కాగితం వార్డెన్ గారి గది తలుపుకు అంటిస్తాము. వేషం పేరు ఎదుట ఖర్చు అనే గడి కూడా ఉంటుంది. పోయిన ఏడు అందులో అన్నిటికన్నా పెద్ద అంకె నలభై రూపాయలు.