వేసవి సెలవుల పాఠం: చెట్టు కింద చేతిపని, ఇంటి పాలతో చిరుతిండి



ఏప్రిల్ చివరి వారంలో బడులకు తాళాలు పడతాయి. జూన్ రెండో వారం వరకు పిల్లలు ఇంటి పట్టునే ఉంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మనకు పాడి పని బరువెక్కుతుంది. పచ్చిమేత దొరకదు, నీళ్ళు దూరం నుంచి మోయాలి, ఎండకు బర్రెలు పాలు తగ్గిస్తాయి. ఇంత పనిలో చిన్నపిల్లలను పట్టించుకునే తీరిక ఎవరికి ఉంటుంది? చేతిలో ఫోను పెట్టి కూర్చోబెడతాము. లేదా పది రూపాయలిచ్చి దుకాణానికి పంపుతాము. వాళ్ళు రంగునీళ్ళ సీసానో, ఉప్పుకారాల ప్యాకెట్టో కొనుక్కొని వస్తారు. ఉదయం పోసిన పాలు మాత్రం క్యాను నిండా సంఘానికి వెళ్ళిపోతాయి.

ఈ నెల పాఠంలో మేము రెండు సంగతులు చెప్పదలచాము. ఒకటి, పరిగి, తాండూరు, వికారాబాద్ పల్లెల్లో ఈ కాలంలో ఊరికే దొరికే ఆకు, కాయ, మట్టితో పిల్లలచేత ఏమి చేయించవచ్చును. రెండు, ఇంటి పాలతో, ఇంటి గింజలతో ఏమి చేసి పెట్టవచ్చును. మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లలను మనసులో ఉంచుకొని ఇది వ్రాస్తున్నాము.

చేతిపని చదువుకు అడ్డం కాదు. 1937లో వార్ధాలో గాంధీగారు ప్రతిపాదించిన మౌలిక విద్యకు చేతిపనే పునాది. 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీ పథకంలోనూ చిన్నపిల్లలకు ఆటపాటల ద్వారానే చదువు నేర్పాలని పెట్టారు. ఆకులు లెక్కపెట్టిన పిల్లవాడు అంకెలను తేలికగా పట్టుకుంటాడు.

చేతిపనులు

1. తాటాకు గిరక. లేత తాటాకు నుంచి జానెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు గల పట్టీలు రెండు తీయండి. ఒకదానిపై ఒకటి అడ్డంగా పెడితే నాలుగు రెక్కలు వస్తాయి. నాలుగింటినీ ఒకే వైపుకు కొంచెం మెలి తిప్పాలి. ఒక రెక్క ఎదురు తిరిగితే గిరక సరిగా తిరగదు. నడుమ తుమ్మముల్లు గుచ్చి, రంధ్రం ముల్లు కన్న కాస్త వదులుగా ఉండేటట్లు చూసి, ముల్లు మొనను ఎండు జొన్న సొప్ప బెండులోకి దింపండి. ముల్లు గుచ్చే పని పెద్దలది. రెక్కలు మెలి తిప్పడం, గాలికి ఎదురు పరుగెత్తడం పిల్లల వంతు. గాలి ఎటు నుంచి వస్తున్నదో వాళ్ళే కనిపెడతారు.

2. ముంజల బండి. ముంజలు తిన్న తరువాత మిగిలిన తాటి బుర్రలు పారవేయవద్దు. సమానమైన రెండు బుర్రలను ఒక కర్రపుల్లకు రెండు కొసల గుచ్చితే చక్రాలు, ఇరుసు తయారు. పంగల కర్రను ఇరుసుపై ఆనించి నెడితే బండి సాగుతుంది. ఒక బుర్ర పెద్దది, ఒకటి చిన్నది అయితే బండి చిన్నదాని వైపు తిరిగిపోతుంది. ఎందుకో పిల్లలనే అడగండి, చెప్పేయకండి.

3. మోదుగాకు విస్తరి. హోలీ నాటికి ఎర్రగా పూచిన మోదుగ చెట్లు వేసవిలో కొత్త ఆకు వేస్తాయి. ఒక్కొక్క కాడకు మూడు ఆకులు ఉంటాయి. ఐదు కాడలు తెస్తే ఎన్ని ఆకులు? మూడేళ్ళ పిల్ల వేళ్ళు మడిచి లెక్కపెడుతుంది. ఆకులు కడిగి, తుడిచి, అంచులు ఒకదానిపై ఒకటి వచ్చేటట్లు పరచి, సన్నని ఎండు పుల్లతో కుట్టాలి. పిల్లలకు నాలుగు ఆకుల చిన్న దొప్ప చాలును. కుట్టిన పుల్లలు గట్టిగా ఉన్నవో లేవో పెద్దలు చూసి, విరిగిన ముక్కలు తీసివేసిన తరువాతనే అందులో తినుబండారం పెట్టండి.

ఈ పని వెనుక మన పశువుల మేలు కూడా ఉన్నది. ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధించారు. అయినా పెండ్లిళ్ళు, జాతరలు జరిగిన చోట అవి, కవర్లు కుప్పలుగా కనిపిస్తాయి. అన్నం అంటుకున్న కవరును బర్రె మింగితే అది కడుపులో అరగదు, బయటికి రాదు. మేత మాని, పాలు తగ్గి, చివరకు ప్రాణం మీదికి వస్తుంది. మోదుగాకు అయితే పెంటకుప్పలో పడి ఎరువవుతుంది. విస్తరి కుట్టిన పిల్లవాడికి ఈ తేడా ఒక్కసారి చూపితే చాలును.

4. మట్టి ఎడ్లు. జ్యేష్ఠ పున్నమి నాడు ఏరువాక. తాండూరు సరిహద్దుకు ఆవల కర్ణాటక పల్లెల్లో ఆ తరువాత వచ్చే అమావాస్యకు మట్టి ఎడ్లు చేసి పూజిస్తారు. మన పిల్లలు సెలవుల్లోనే చేయడం నేర్చుకోవచ్చును. నల్లరేగడి మట్టి ఒక్కటే వాడితే ఎండి పగుళ్ళు ఇస్తుంది. జల్లించిన ఇసుక కొంత, సన్నగా నలిపిన గడ్డి కొంత కలిపి చపాతీ పిండి వలె పిసకండి. బొమ్మను ఎండలో పెట్టవద్దు, నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ఎండలో పైపొర ముందుగా ఆరి ముడుచుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది, అందువల్ల బొమ్మ చీలుతుంది. ఎద్దు ఒక్కటే ఎందుకు? తమ ఇంటి బర్రెను, దూడను, పాలక్యానును కూడా చేయమనండి.

5. చింతగింజల ఆట. చింతపండు కొట్టే రోజులు గనుక గింజలకు కొదువ లేదు. గరుకు బండపై ఒక పక్క అరగదీస్తే నల్లగింజ తెల్లబడుతుంది. అలాంటివి నాలుగు చేస్తే అష్టాచెమ్మా గవ్వలకు బదులు పనికి వస్తాయి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఇంటి ముందరి తాండూరు బండపై సుద్దముక్కతో ఐదు వరుసలు, ఐదు నిలువులు గీస్తే ఇరవై ఐదు గళ్ళ పటం సిద్ధం. ఎండ తగ్గేదాకా నీడపట్టున కూర్చోబెట్టే ఆట ఇంతకన్న లేదు.

తినుబండారాలు

1. చల్ల, వెన్న. మూత గట్టిగా బిగిసే డబ్బాలో మీగడ పెరుగు సగం దాకా పోసి, కుండలోని చల్లటి నీళ్ళు కొన్ని కలిపి పిల్లల చేతికి ఇవ్వండి. వంతులవారీగా ఊపనివ్వండి. కొంతసేపటికి డబ్బాలో చప్పుడు మారుతుంది, వెన్న తేలుతుంది. పెరుగులో విడివిడిగా ఉన్న కొవ్వు రేణువులు ఒకదానికొకటి తగిలి అంటుకోవడమే ఇందులో కిటుకు. సంఘంలో మన పాలకు కొలిచే కొవ్వు ఇదేనని వాళ్ళకు చెప్పండి. బర్రె పాలలో ఇది సాధారణంగా 6 నుంచి 7 శాతం ఉంటుంది, ఆవు పాలలో 4 శాతానికి అటూ ఇటూ. మధ్యాహ్నం ఎండలో వెన్న కరిగి ముద్ద కట్టదు గనుక ఈ పని పొద్దున్నే పెట్టుకోవాలి. వెన్న తీసిన చల్లలో ఉప్పు, జీలకర్ర పొడి, తుంచిన కల్యమాకు, కొత్తిమీర వేస్తే ఎండకాలానికి ఇంతకు మించిన పానీయం లేదు. కల్యమాకు తుంచే పని మూడేళ్ళ పిల్ల కూడా చేస్తుంది.

2. గుడాలు. పెసర్లు గాని కందులు గాని రాత్రి నానబోయండి. పెసర్లు త్వరగా ఉడుకుతాయి, కందులకు ఎక్కువ సేపు పడుతుంది. ఉడికిన తరువాత నీళ్ళు వంచి, ఉప్పు, ఉల్లిగడ్డ, కొంచెం తాలింపు చాలును. మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుతో దేశమంతా తెలిసిన పంటను మన పిల్లలు కుట్టిన దొప్పలో వాళ్ళకే పెట్టడం ముచ్చట కాదా? పొద్దున రాలిన గింజలు ఏరడం, రాళ్ళు తీయడం వాళ్ళ పని.

3. జొన్న పేలాల ముద్ద. తొలి ఏకాదశికి పేలపిండి తినడం మనకు ఆనవాయితీ. అంత వరకు ఆగనవసరం లేదు. వేడి పెనంలో జొన్నలు పెద్దలు వేయించాలి. పిల్లలు దూరాన కూర్చొని చిటపటలు వింటారు. గింజలోని తడి ఆవిరై పొట్టు పగలడం వల్లనే పేలాలవుతాయి. చల్లారిన పేలాలు దంచి, బెల్లం తురుము కలిపి, కాచి చల్లార్చిన పాలు రెండు చెంచాలు చిలకరించి ముద్దలు కట్టనివ్వండి. పాలు కలిపిన ముద్దలు అదే రోజు తినాలి.

4. ఆకు ముద్ర కోవా. లీటరు బర్రె పాలు మందపాటి గిన్నెలో అడుగంటకుండ కలుపుతూ చిక్కబరిస్తే సుమారు 200 గ్రాముల కోవా వస్తుంది. దించే ముందు చక్కెర తగినంత వేయండి. పొయ్యి పని అంతా పెద్దలదే. గోరువెచ్చగా ఉన్నప్పుడు చిన్న ఉండలు చేసి ఇస్తే, పిల్లలు కడిగి తుడిచిన మోదుగాకు వెనుకవైపున అదిమి తీస్తారు. ఆకు ఈనెలన్నీ బిళ్ళపై అచ్చుపడతాయి.

5. జున్ను. ఈనిన బర్రె ఉన్న ఇంట్లో పిల్లలు జున్ను అడుగుతారు. ముందు దూడ వాటా. పుట్టిన మొదటి కొన్ని గంటల్లో తాగిన ముర్రుపాల వల్లనే దూడకు రోగనిరోధక శక్తి వస్తుంది. తరువాత తాగితే ఆ మేలు సన్నగిల్లుతుంది. దూడ కడుపు నిండిన తరువాత మిగిలినవే జున్నుకు. ఈ నియమం పిల్లలకు కూడా చెప్పండి. రేపటి పాడి రైతులు వాళ్ళే.

తప్పక పాటించవలసినవి

గురిగింజలు చూడడానికి పూసల వలె ముద్దుగా ఉంటాయి గాని, కొరికి మింగితే ప్రాణాంతకం. ఆముదం గింజలు, గన్నేరు కాయలు కూడా విషమే. ఇవి చేతిపనికి వద్దే వద్దు. మూడేళ్ళ లోపు పిల్లలకు చింతగింజలు ఇవ్వవద్దు, గొంతులో అడ్డుపడతాయి. ఐదేళ్ళ లోపు వారికి పల్లీలు గింజలుగా కాక దంచి పెట్టండి. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించవద్దు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప వేరే పాలు, నీళ్ళు అక్కరలేదు.

పచ్చిపాలు ఎవరికీ తాగించవద్దు. క్షయ, బ్రూసెల్లా వంటి రోగాలు పశువు నుంచి పచ్చిపాల ద్వారా మనిషికి రాగలవు. పొంగు వచ్చేదాకా కాచి, మూతపెట్టి, గిన్నెను చల్లటి నీళ్ళలో ఉంచండి. పురుగుమందు డబ్బా ఎంత కడిగినా దానిలో ఏదీ కలపవద్దు, ఆటకూ ఇవ్వవద్దు.

మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పిల్లలు నీడలోనే ఉండాలి. ఆకు కుప్పలు, రాళ్ళ గుట్టలు చేతితో కదపకుండ ముందు కర్రతో కదిపి చూడమనండి. తేళ్ళు ఉంటాయి. బండలు తీసిన గుంతలలో, వాడని బావులలో నిలిచిన నీళ్ళ దగ్గరికి పెద్దవారి తోడు లేకుండ పోనివ్వవద్దు. విరేచనాలైతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి, కలిపి కొంచెం కొంచెంగా తాగించి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

పిల్లవాడి వాటా

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. పాలు పోసే ఇంట్లోనే పిల్లలకు పాలు లేకపోవడం మన సంఘాలన్నిటికీ తెలిసిన మాటే. బిల్లు తగ్గుతుందని క్యానులోకి చివరి చుక్క దాకా వంచుతాము. వేసవిలో పాలు తగ్గినప్పుడు ముందుగా కోతపడేది ఇంటి గ్లాసే.

లెక్క వేసి చూడండి. ఇద్దరు పిల్లలకు చెరి 200 మిల్లీలీటర్లు అంటే రోజుకు 400 మిల్లీలీటర్లు. 45 రోజుల సెలవులకు 18 లీటర్లు. మీ పాసుపుస్తకంలో లీటరుకు పడిన ధరతో దానిని హెచ్చించండి. తరువాత ఆ 45 రోజులు ఇద్దరికీ రోజుకు పది రూపాయల చొప్పున దుకాణం చిల్లర ఎంతవుతుందో చూడండి: 900 రూపాయలు. మొదటి మొత్తంలో అది ఎంత భాగమో మీకే తెలుస్తుంది. ఒక గ్లాసు పాలలో ఎముకకు సున్నం, కండకు సుమారు 7 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. రంగునీళ్ళలో చక్కెర, రంగు తప్ప ఏమున్నది?

కనుక మా సూచన ఒక్కటే. పాలు పిండగానే, క్యానులో పోయకముందే, పిల్లల వాటా వేరే గిన్నెలోకి తీయండి. మిగిలినదానిలో నుంచి తీద్దామనుకుంటే మిగలదు.

సంఘం సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన సంఘంలో ఎన్ని ఇండ్లలో పిల్లలు రోజూ పాలు తాగుతున్నారు?
2. ముందుగా తీసి పెట్టడానికి అడ్డు వస్తున్నది ఏమిటి? బిల్లా, అలవాటా, ఇంట్లో మాట చెల్లకపోవడమా?
3. మన ఊరి చుట్టూ విషపు గింజల చెట్లు, మూతలేని బావులు ఎక్కడెక్కడ ఉన్నాయి? వాటికి ఎవరు పూనుకుంటారు?
4. సెలవుల్లో ఒక సాయంత్రం పాల కేంద్రం ముందర పిల్లలు చేసిన మట్టి ఎడ్లు, గిరకలు వరుసగా పెట్టించి, ప్రతి పిల్లవాడికి ఒక దొప్ప గుడాలు, ఒక గ్లాసు చల్ల ఇవ్వగలమా?

నాలుగో ప్రశ్నకు జవాబు అవును అయితే, ఆ సాయంత్రం మిగతా మూడింటి గురించి కూడా తల్లులు, తండ్రులు అక్కడే మాట్లాడుకుంటారు.