గడులలోని లెక్క

పూర్వము వర్తకుని అంగడిలో గుమాస్తా పని మిక్కిలి శ్రమతో కూడినదై యుండెను. పగలెల్ల జరిగిన క్రయవిక్రయములను చిట్టాలో వ్రాయవలెను. చిట్టానుండి ఆవర్జాకు ఎక్కింపవలెను. నెలాఖరున కూడికలు వేసి నిలువ తేల్చవలెను. ఎచ్చటనైనను ఒక్క అంకె తప్పిపోయినచో, అది దొరకువరకు దీపము ముందు కూర్చుండి పుటలన్నియు తిరుగవేయవలసినదే. నేడు వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థులు ఆ పనిని కంప్యూటరుపై నేర్చుకొనుచున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల డిగ్రీ కళాశాలలలో బి.కాం. కంప్యూటర్ అప్లికేషన్స్ అను శాఖయే కలదు. జాబులకు వర్డు, లెక్కలకు ఎక్సెల్, అంగడి ఖాతాలకు టాలీ వారికి నిత్యాభ్యాసములు. వీనిలో ఎక్సెల్ వంటి లెక్కల పట్టికకు స్ప్రెడ్‌షీట్ అని పేరు. ఇట్టి పట్టికను కంప్యూటరు తెరపై నిలుపవలెనను ఊహ ఒక కళాశాల తరగతిగదిలోనే పుట్టెను.

1978వ సంవత్సరమున అమెరికాలోని హార్వర్డు బిజినెస్ స్కూలులో డాన్ బ్రిక్లిన్ అను యువకుడు వ్యాపార నిర్వహణశాస్త్రమును చదువుచుండెను. అంతకుముందు అతడు కంప్యూటర్లు తయారుచేయు ఒక సంస్థలో పనిచేసినవాడు. తరగతిలో ఆచార్యులు నల్లబల్లపై అడ్డు గీతలును నిలువు గీతలును గీసి, ఆ గడులలో ఒక కంపెనీయొక్క ఆదాయవ్యయములను వ్రాసి చూపెడివారు. నడుమ ఒక అంకెను మార్చవలసివచ్చినచో, దానిపై ఆధారపడిన అంకెలన్నింటిని తుడిచి మరల లెక్కించి వ్రాయవలసివచ్చెడిది. బ్రిక్లిన్ దీనిని చూచి, ఒక గడిని మార్చగనే మిగిలిన గడులు తమంతట తామే మారు నల్లబల్ల యున్న ఎంత బాగుండునని తలపోసెను. పగటికలలు తరగతిలో సాధారణముగా మందలింపునకే దారితీయును. ఈ కల మాత్రము అట్లు పోలేదు.

ఆ కలలోని కీలకమేమో ఒక ఉదాహరణచే తెలియగలదు. ఒక బియ్యపు వర్తకుడు బస్తా 1,200 రూపాయల వంతున 40 బస్తాలు కొనెననుకొందము. కొన్న వెల 48,000 రూపాయలు. బస్తాకు 30 రూపాయల బండి కిరాయి చొప్పున 1,200 రూపాయలు. బస్తా 1,320 రూపాయలకు అమ్మినచో 52,800 రూపాయలు వచ్చును. లాభము 3,600 రూపాయలు. పట్టికలో ఈ లాభము ఉండవలసిన గడిలో 3,600 అని వ్రాయరు. అమ్మిన మొత్తమున్న గడినుండి కొన్న వెలయున్న గడిని, కిరాయి మొత్తమున్న గడిని తీసివేయుమని ఒక సూత్రము వ్రాయుదురు. తెరపై కనబడునది అంకె. గడిలో దాగియున్నది సూత్రము. కిరాయి బస్తాకు 45 రూపాయలైనచో ఆ ఒక్క గడిని మార్చిన చాలును. లాభము 3,000 అని తక్షణమే కనబడును. అమ్మకపు ధర పది రూపాయలు తగ్గించిన ఏమగును? ఐదు బస్తాలు తడిసి చెడినచో ఏమగును? సరకు కొనకముందే వర్తకుడు ఇట్టి ప్రశ్నలన్నియు వేసికొని జవాబులు చూచుకొనవచ్చును. చిట్టా గడిచిన దినమును మాత్రమే చెప్పును; ఈ పట్టిక రాబోవు దినమును గూర్చి యోచింపజేయును. దీని గొప్పతనము కూడికల వేగములో కంటె ఇందులోనే అధికముగా కలదు.

బ్రిక్లిన్ తన ఊహకు మొదటి నమూనాను తానే తయారుచేసెను. పిమ్మట అతని మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్ దానిని పూర్తి ప్రోగ్రాముగా వ్రాయుటకు పూనుకొనెను. ఫ్రాంక్‌స్టన్ మసాచుసెట్స్ రాష్ట్రములోని తన అద్దె యింటి అటకగదిలో రాత్రులు పనిచేసెను; అద్దెకు దొరకు పెద్ద కంప్యూటరుకు రాత్రివేళ రుసుము తక్కువ. 1979 జనవరిలో మిత్రులిరువురును సాఫ్ట్‌వేర్ ఆర్ట్స్ అను సంస్థను స్థాపించిరి. ప్రోగ్రామునకు విజికాల్క్ అని పేరిడిరి. కంటికి కనబడు లెక్కలయంత్రమని దాని భావము. బ్రిక్లిన్ ఇంకను విద్యార్థియే గనుక, పూర్తికాని ఆ ప్రోగ్రాముతోనే పెప్సీకోలా కంపెనీని గూర్చిన తరగతి అభ్యాసమును చేసెను.

విజికాల్క్ 1979లోనే ఆపిల్-2 అను చిన్న కంప్యూటరుకై మార్కెట్టులోనికి వచ్చెను. దానిలో 254 అడ్డు వరుసలును 63 నిలువు వరుసలును మాత్రమే యుండెను. అది పనిచేయుటకు 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి చాలినది. నేటి ఫోనులో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకైనను అంతకు ఎన్నోరెట్లు చోటు కావలెను. అంతవరకు చిన్న కంప్యూటరును ఆటవస్తువుగా తలచిన వర్తకులనేకులు ఈ ప్రోగ్రాము కొరకే యంత్రమును కొనసాగిరి. మిత్రులు దానికి పేటెంటు పొందలేదు. ఆ కాలమున ప్రోగ్రాములకు పేటెంటు దొరకుట అరుదు. 1983లో లోటస్ 1-2-3 అను మరియొక పట్టిక వచ్చి విజికాల్క్‌ను వెనుకకు నెట్టెను. 1985లో లోటస్ సంస్థయే సాఫ్ట్‌వేర్ ఆర్ట్స్‌ను కొనివేసెను. ఎక్సెల్ మొదట వెలువడినదియు ఆ సంవత్సరముననే.

ఎక్సెల్ నేర్చుటకు కొద్ది వారములు చాలును. అది చెప్పినదానిని ఎంతవరకు నమ్మవలెనో తెలియుట మాత్రము అంత సులభము కాదు. ఉదాహరణకు సెప్ట్1 అను జన్యువు పేరును ఆంగ్లమున గడిలో వ్రాసినచో, ఎక్సెల్ దానిని సెప్టెంబరు ఒకటవ తేదీగా మార్చివేసెడిది. ఎంత చెప్పినను ఈ పొరపాట్లు తగ్గకపోగా, 2020లో శాస్త్రజ్ఞులు జన్యువుల పేర్లనే మార్చుకొనిరి. పనిముట్టు మాట వినకున్న వస్తువు పేరు మార్చుకొనుట విచిత్రమే! అదే సంవత్సరము ఇంగ్లండులో కరోనా సోకినవారి వివరములను పాత రకపు ఎక్సెల్ ఫైలులోనికి ఎక్కించిరి. అట్టి ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. మించినవి చప్పుడు లేక జారిపోయెను. ఆ విధముగా 15,841 మంది రోగుల వివరములు సకాలమున లెక్కకు రాలేదు. వారితో కలిసి మెలగినవారిని హెచ్చరించుట ఆలస్యమయ్యెను.

అన్నింటికంటె ప్రసిద్ధమైనది 2013లో ఒక విద్యార్థి బయటపెట్టిన తప్పు. కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగోఫ్ అను పేరుపొందిన ఆర్థికవేత్తలు 2010లో ఒక వ్యాసము ప్రచురించిరి. ప్రభుత్వముల అప్పు దేశపు వార్షికోత్పత్తిలో 90 శాతమును మించినచో అభివృద్ధి మిక్కిలి కుంటువడునని దాని సారము. ప్రభుత్వవ్యయమును తగ్గింపవలెనని వాదించు నాయకులు పలు దేశములలో ఆ వ్యాసమును ఉదహరించిరి. వ్యయము తగ్గుట యన్న ఉద్యోగములు, పింఛనులు తగ్గుటయని వేరుగ చెప్పనక్కరలేదు.

మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు ఆమ్‌హర్స్ట్ శాఖలో థామస్ హెర్న్‌డన్ అను పరిశోధక విద్యార్థికి, ప్రసిద్ధమైన ఒక వ్యాసములోని లెక్కలను తిరిగి చేసి చూపుమని తరగతిలో అభ్యాసమిచ్చిరి. అతడు ఈ వ్యాసమును ఎన్నుకొనెను. ఎన్నిసార్లు చేసినను గ్రంథకర్తలకు వచ్చిన ఫలితము అతనికి రాలేదు. ఇంతటివారు పొరబడుదురా, తప్పు తనదేయని అతడు తొలుత తలచెను. కడకు వారికే వ్రాసి వారి పట్టికను తెప్పించుకొనెను. అందులో ఇరువది దేశములు 30వ వరుస మొదలు 49వ వరుస వరకు వ్రాయబడియున్నవి. సగటు కట్టు గడిని నొక్కి చూడగా, లోపలి సూత్రము 30వ వరుసనుండి 44వ వరుసతోనే ఆగియుండెను. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్కు దేశములు లెక్కలో చేరనేలేదు.

భేదమంతయు ఈ ఒక్క గడివలన కలిగినది కాదు. కొన్ని సంవత్సరముల అంకెలను విడిచిపెట్టుట, ఒక దేశపు ఒక్క యేడును మరియొక దేశపు పలు ఏండ్లతో సమానముగా తూచుట అనునవియే పెద్ద కారణములని హెర్న్‌డన్ తన ఆచార్యులు మైకేల్ ఆష్, రాబర్ట్ పోలిన్‌లతో కలిసి చూపెను. వ్యాసములో అధిక ఋణమున్న దేశముల సగటు అభివృద్ధి సున్నకు 0.1 శాతము దిగువనుండగా, వీరి లెక్కలో అది 2.2 శాతమని తేలెను. గ్రంథకర్తలు సూత్రములోని తప్పును అంగీకరించిరి. తక్కిన ఆక్షేపణలను అంగీకరింపలేదు. తరగతి అభ్యాసముగా మొదలైన ఆ పని 2014లో కేంబ్రిడ్జి అర్థశాస్త్ర పత్రికలో ముగ్గురి పేరిట ముద్రితమయ్యెను.