మన ఫుట్‌బాల్ వీరుడు తులసీదాస్ బలరాం

మన హాస్టల్ విద్యార్థులను క్రికెట్ ఆటగాళ్ల పేర్లు అడిగితే తడుముకోకుండా పది చెబుతారు. అదే మన రాష్ట్రంలో పుట్టి, రెండు ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడిన ఫుట్‌బాల్ వీరుడి పేరు అడిగితే చాలామందిమి నోరు తెరవలేం. ఆయనే తులసీదాస్ బలరాం.

బలరాం 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టారు. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను బాగు చేయించుకుని ఆడారని చెబుతారు. ఆయనలోని ప్రతిభను గుర్తించినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం సాబ్ మొదట బడి పంతులు, తర్వాత భారత జట్టు కోచ్. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ మైదానానికి వచ్చిపోయే సైకిల్ ఖర్చుకు కూడా బలరాం దగ్గర డబ్బు లేకపోతే, ఆ ఏర్పాటు రహీం సాబే చూశారంటారు.

ఆ రోజుల్లో మన ఆటగాళ్లలో చాలామంది వట్టి కాళ్లతోనే ఆడేవారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడిపోయిన తర్వాత గానీ బూట్లు తప్పనిసరి కాలేదు. నాలుగేళ్లకే, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం శిక్షణలో మన జట్టు నాలుగో స్థానం సాధించింది. ఆ జట్టులో ఇరవై ఏళ్ల బలరాం కూడా ఉన్నారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో బలమైన హంగరీపై మనం 1-2తో ఓడినా, మన ఒక్క గోల్ కొట్టింది బలరామే. పెరూపైనా ఆయన గోల్ చేశారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం ముగ్గురూ కలిసి ముందు వరుసను నడిపించారు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ బంగారు పతకం గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు మళ్లీ బంగారం రాలేదు. ఆ ఏడాదే బలరాంకు అర్జున అవార్డు లభించింది. కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కు ఆయన 1961లో కెప్టెన్‌గా కూడా ఉన్నారు.

కానీ 1963లో అనారోగ్యం కారణంగా, చిన్న వయసులోనే ఆట మానుకోవలసి వచ్చింది. గురువు రహీం సాబ్ కూడా అదే ఏడాది క్యాన్సర్‌తో కన్నుమూశారు. బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో తుదిశ్వాస విడిచారు.

మిత్రులారా! ఈ జీవితం నుంచి మనం నేర్చుకోవలసింది ఏమిటి? పేదరికం ప్రతిభను పుట్టనీయకుండా ఆపలేదు. కానీ బస్సు చార్జీ లేకనో, చెప్పేవారు లేకనో ఆ ప్రతిభ ఊరు దాటకుండా ఆగిపోతుంది. ఈనాడు హకీంపేటతో పాటు మన ఆదిలాబాద్‌లోనూ, కరీంనగర్‌లోనూ క్రీడా పాఠశాలలున్నాయి. వాటి ఎంపికలు ఎప్పుడు జరుగుతాయో తెలియని తమ్ముళ్లు మన మధ్యే ఉన్నారు. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులను మేము కోరేది ఒక్కటే. ఏటా ఒక్క విద్యార్థిని ఎంపికలకు తీసుకువెళ్లండి, దారి ఖర్చు భరించండి. తమ్ముళ్లారా, మీరూ ఒంట్లో నలతగా ఉంటే ఆట పోతుందని దాచకండి, వెంటనే వార్డెన్ గారికి చెప్పండి. ఆటకు ఒళ్లే పెట్టుబడి.

రహీం సాబ్ చేసినది పైకి చూస్తే చిన్న సాయమే. దాని ఫలితం మాత్రం రోమ్ దాకా, జకార్తా దాకా వెళ్లింది.