ఎల్లలు దాటే మాట

మాట్లాడడం మనిషికి సహజంగా అబ్బిన విద్యలా కనిపిస్తుంది. కాని ఒక్క పదం పలకాలన్నా ఊపిరితిత్తుల నుండి వెలువడే గాలి, స్వరపేటికలోని తంత్రులు, నాలుక, అంగిలి, పెదవులు, వీటన్నింటినీ నడిపించే మెదడు ఒకే లయలో పనిచేయాలి. ఆ అమరికలో ఎక్కడ లోపం ఏర్పడినా మాట తడబడుతుంది. నత్తి, గ్రహణం మొర్రి, అంగిలి చీలిక, పుట్టుకతో వినికిడి లేనందువల్ల మాట రాకపోవడం, పక్షవాతం తరువాత మాట పడిపోవడం వంటివన్నీ ఇటువంటి లోపాలే. వీటిని పరీక్షించి, క్రమబద్ధమైన సాధన ద్వారా సరిదిద్దే నిపుణులను వాక్చికిత్సకులు అంటారు. వాడుకలో స్పీచ్ థెరపిస్టు అనే పేరు స్థిరపడింది. మింగడానికి ఇబ్బందిపడే రోగికి తిరిగి మింగడం నేర్పేది కూడా వీరే. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో మాటకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు దాదాపు 20 లక్షలు. వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షలకు పైచిలుకు.

ఈ వృత్తిలో ప్రవేశించినవారు ఒకచోట పొందిన అర్హతతో మరొకచోట పనిచేయగలరా అనే ప్రశ్నకు జవాబు వెదకడానికి భద్రాచలం పరిసరాలకన్నా తగిన ప్రదేశం అరుదు. అక్కడ ఎల్లలు అడుగడుగునా ఎదురవుతాయి. 2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడు పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా అప్పటి ఖమ్మం జిల్లాలోని చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం, బూర్గంపాడు మండలాలలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే మిగిలింది. 2016లో ఖమ్మం జిల్లా నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరుపడింది. ఇప్పుడు రామాలయానికి కూతవేటు దూరంలోని ఎటపాక ఒక రాష్ట్రం, ఆలయం మరొక రాష్ట్రం. తెలంగాణలోని దుమ్ముగూడెం, చర్ల వైపు పోయే బస్సు కొంతదూరం ఆంధ్రప్రదేశ్ నేలమీదుగా సాగుతుంది. చింతూరు దాటి శబరి ఒడ్డున కొంత దూరం వెళితే ఛత్తీస్‌గఢ్‌లోని కోంటా వస్తుంది. శబరి, సీలేరు కలిసే చోట ఒడిశాలోని మోటు ఉంది. నాలుగు రాష్ట్రాల ప్రజలు వైద్యం కోసం, సంత కోసం, దైవదర్శనం కోసం ఈ దారులలో ఇటూ అటూ తిరుగుతూనే ఉంటారు.

వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు రాష్ట్ర మండళ్లలో పేరు నమోదు చేసుకుంటారు. అందువల్ల రాష్ట్రం మారినప్పుడు వారికి కొత్తగా కాగితాల పని పడుతుంది. వాక్చికిత్సకుల విషయం వేరు. 1992లో పార్లమెంటు ఆమోదించిన చట్టం ద్వారా భారత పునరావాస మండలి ఏర్పడింది. ఈ మండలి గుర్తించిన పట్టా పొందినవారి పేర్లు దేశమంతటికీ కలిపి ఒకే పట్టికలో ఉంటాయి. ఆ పట్టికకు కేంద్ర పునరావాస పట్టిక అని పేరు. అందులో పేరున్న వ్యక్తికి దేశంలో ఏ ప్రాంతంలోనైనా వృత్తి సాగించే హక్కును చట్టం ఇచ్చింది. పేరు లేకుండా వృత్తి చేసినవారికి ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. వెయ్యి రూపాయలంటే నేడు ఎవరూ జంకరన్నది వేరే మాట. మొత్తానికి భద్రాచలంలో పనిచేసే థెరపిస్టు ఎటపాకలోనైనా, కోంటాలోనైనా, మోటులోనైనా మరొక అనుమతిపత్రం లేకుండా బిడ్డను పరీక్షించవచ్చు.

ఈ అర్హతకు దారి ఇంటర్మీడియట్ నుండే మొదలవుతుంది. భౌతిక, రసాయన శాస్త్రాలతో పాటు జీవశాస్త్రమో గణితమో చదివినవారు నాలుగేళ్ల డిగ్రీ కోర్సులో చేరవచ్చు. అందులో చివరి ఏడాది పూర్తిగా ఆసుపత్రులలో, శిబిరాలలో చేసే పని. ఆపైన రెండేళ్ల మాస్టర్స్ పట్టా ఉంది. ఈ విద్యకు దేశంలో పెద్దదిక్కుగా నిలిచినది 1965లో మైసూరులో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ. 1983లో ముంబయిలో నెలకొల్పిన జాతీయ సంస్థకు హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా, మహారాష్ట్రకు గవర్నరుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది. భద్రాచలం నుండి అక్కడికి 300 కిలోమీటర్ల పైమాటే.

దేశం ఎల్ల దాటితే కథ పూర్తిగా మారుతుంది. అమెరికాలో పనిచేయదలచినవారు సాధారణంగా అక్కడి వాక్ శ్రవణ సంఘం ఇచ్చే సామర్థ్య ధ్రువపత్రాన్ని లక్ష్యంగా పెట్టుకుంటారు. 1925లో పుట్టిన ఆ సంఘం మాస్టర్స్ పట్టాకు తక్కువైన దానిని అంగీకరించదు. విదేశీ పట్టా అయితే అది అమెరికా పట్టాతో సమానమని మదింపు సంస్థ చేత తేల్పించుకోవాలి. చదువుకునే కాలంలోనే 400 గంటల చికిత్సానుభవం ఉండాలి. అందులో 25 గంటలు ఇతరులు చేసే చికిత్సను గమనించడానికి, మిగిలిన 375 గంటలు స్వయంగా రోగులతో పనిచేయడానికి. తరువాత ప్రాక్సిస్ అనే జాతీయ పరీక్ష. ఆ తరువాత ధ్రువపత్రం ఉన్న నిపుణుడి పర్యవేక్షణలో కనీసం 36 వారాలు, 1260 గంటలు ఫెలోషిప్ చేయాలి. ఇంత చేసినా, ఏ రాష్ట్రంలో పనిచేయాలంటే ఆ రాష్ట్రం లైసెన్సు వేరుగా పొందాలి. ఈ ఒక్క విషయంలో మన చట్టమే ఉదారమైనది.

ఆంగ్లం మాట్లాడే దేశాలు తమలో తాము కొంత వెసులుబాటు కల్పించుకున్నాయి. అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల వృత్తిసంఘాలు ఆరూ 2008లో పరస్పర గుర్తింపు ఒప్పందంపై సంతకాలు చేశాయి. ఒక సంఘం ధ్రువపత్రం ఉన్నవారికి మరొక సంఘంలో ప్రవేశం సులభం కావడం దాని ఉద్దేశం. భారతదేశం అందులో లేదు. విదేశీ సంస్థలతో ఇటువంటి పరస్పర గుర్తింపుకై సంప్రదింపులు జరిపే అధికారాన్ని 1992 చట్టం మన మండలికి ఇచ్చింది. ఆ అధికారం ఉన్నా మైసూరులోనో సికింద్రాబాదులోనో చదివిన తెలుగు యువతి ఆ ఆరు దేశాల తలుపులను ఒక్కొక్కటిగా తట్టవలసిందే.

బ్రిటన్ విధించిన నియమం మరింత ఆలోచింపజేస్తుంది. అక్కడ స్పీచ్ థెరపిస్టు అనే పేరు పెట్టుకోవాలంటే ఆరోగ్య, సంరక్షణ వృత్తుల మండలిలో నమోదు తప్పనిసరి. విదేశీయులు ఆంగ్ల సామర్థ్యాన్ని నిరూపించుకోవాలి. ఆ మండలి తన పరిధిలోని ఇతర వృత్తులవారిని ఐఇఎల్‌టిఎస్ పరీక్షలో 9కి 7 స్థాయి అడుగుతూ, స్పీచ్ థెరపిస్టులను మాత్రం 8 అడుగుతూ వచ్చింది. పరదేశీయులను దూరంగా ఉంచడానికి పెట్టిన ఆటంకంగా దీనిని కొందరు భావిస్తారు. ఆ అభిప్రాయం సరికాదు. శస్త్రవైద్యుడికి కత్తి ఎటువంటిదో వాక్చికిత్సకుడికి భాష అటువంటిది. బిడ్డ మాటలోని సూక్ష్మమైన తేడాను చెవి పట్టుకోలేకపోతే చికిత్స మొదటి అడుగులోనే దారి తప్పుతుంది. యాస వేరుగా ఉండడం మాత్రం లోపం కాదని అమెరికా సంఘమే చెప్పింది. వినే చెవి, నేర్పే నేర్పు ఉండి, రోగికి కావలసిన ధ్వనిని సరిగా పలికి చూపగలిగితే తెలుగు యాసతో ఆంగ్లం మాట్లాడే థెరపిస్టు ఆ వృత్తికి అనర్హుడు కాడు.

ఇదే కొలబద్దతో భద్రాచలం అడవిని చూస్తే అసలు సమస్య బయటపడుతుంది. లండన్‌లో బిడ్డను పరీక్షించే వ్యక్తికి ఆ బిడ్డ భాష వచ్చునా అని అడుగుతారు. మన పట్టికలో పేరు నమోదు చేసుకునేవారిని ఏ భాషలో చికిత్స చేయగలరో పరీక్షించే పద్ధతి లేదు. ధ్రువపత్రం నాలుగు రాష్ట్రాలలోనూ చెల్లుతుంది; థెరపిస్టు నోటిలోని తెలుగు మాత్రం కోయ గూడెం పొలిమేర దాకానే చెల్లుతుంది.

కోయ ద్రావిడ భాషే. తెలుగు, గోండి, కొండ, కువి భాషలతో కలిపి దీనిని దక్షిణ మధ్య ద్రావిడ ఉపకుటుంబంలో చేరుస్తారు. 1969లో స్టీఫెన్ టైలర్ అనే అమెరికన్ పరిశోధకుడు దీనికి వ్యాకరణం రాసి ప్రచురించాడు. దగ్గరి చుట్టరికం కావడమే ఇక్కడ చిక్కు తెచ్చిపెడుతుంది. నీళ్ల గ్లాసు బొమ్మ చూపి ఇదేమిటని అడిగితే కోయ బిడ్డ 'ఏరు' అంటుంది. తెలుగులో ఏరు అంటే ప్రవాహం, కోయలో నీరు. కోయ తెలియని పరీక్షకుడు అక్కడ తప్పు గుర్తు పెడతాడు. కోయ భాషలో ఒత్తక్షరాలు లేవు. ఆ భాష ఇంట్లో మాట్లాడే బిడ్డ 'ధనం'ను 'దనం' అంటే అది ఉచ్చారణ దోషం కాదు. తెలుగువారిలోనూ అలా పలికేవారు కొల్లలు. తెలుగులో స్త్రీలు, పురుషులు ఎవరైనా బహువచనంలో 'వచ్చారు' అంటాం. కోయలో స్త్రీల బహువచనం మనుష్యేతరాలతో పాటు నడుస్తుంది. కాబట్టి కోయ బాలుడు తెలుగులో 'ఆడవాళ్లు వచ్చాయి' అన్నాడంటే వాడి మెదడులో లోపమేమీ లేదు. తల్లి నేర్పిన వ్యాకరణాన్ని చక్కగా పాటిస్తున్నాడు.

భాషాభేదాన్ని భాషాదోషంగా భ్రమపడితే రెండు నష్టాలు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డపై మాట రానివాడనే ముద్ర పడుతుంది. దానికన్నా పెద్ద నష్టం రెండవది. నిజంగా వినికిడి లోపం ఉన్న బిడ్డను చూసి, వీడికి తెలుగు రాదు, బడిలో చేరితే అదే వస్తుందని పెద్దలు ఊరుకుంటారు. మాట నేర్చుకోవడానికి అత్యంత విలువైన తొలి మూడేళ్లు ఆ నిర్లక్ష్యంలో కరిగిపోతాయి. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లో చెలరేగిన హింసకు తాళలేక వలస వచ్చి, భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం పరిసరాలలో గుడిసెలు వేసుకున్న గుత్తికోయ కుటుంబాలలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. వారి పిల్లలకు ఇంటి భాష ఒకటి, అంగన్‌వాడీ భాష మరొకటి.

లోపం బయటపడిన తరువాతి దారి కొంత మెరుగుపడింది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుండి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. అక్కడ ఉండవలసిన సిబ్బందిలో వాక్ శ్రవణ నిపుణుడు ఒకరు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేద పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సను అందుబాటులోకి తెచ్చింది. చెవిలో పరికరం అమర్చడంతో పని ముగియదు. వినబడిన ధ్వనికి అర్థం తెలియడానికి నెలల తరబడి శిక్షణ కావాలి. ఆ శిక్షణ నగరంలో తెలుగులో సాగి, తల్లి ఇంటికి వచ్చి కోయలో మాట్లాడితే, బిడ్డ విన్న మాటకు, నేర్చిన మాటకు పొంతన ఉండదు. తల్లి మాట్లాడే భాషలోనే శిక్షణ జరగడం ఆ బిడ్డకు చికిత్సలో భాగం.

ఇందుకు కావలసిన సామగ్రి కొంత మన చేతిలోనే ఉంది. 2004 ప్రాంతంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన బాలల కోసం ఎనిమిది భాషలలో, కోయతో సహా, తెలుగు లిపిలో వాచకాలు రూపొందించింది. వాటిలోని బొమ్మలు, పదాలు అడవి బిడ్డకు పరిచయమైనవే. ఒక పరీక్షాపటం తయారుచేయడానికి అవి మంచి ఆధారం. కాని ఏ ధ్వని ఏ వయసులో స్థిరపడుతుందో తెలుగు పిల్లల లెక్కను కోయ పిల్లలకు అంటగట్టడం కుదరదు. గూడెం గూడెం తిరిగి, రెండేళ్ల బిడ్డ మొదలు ఆరేళ్ల బిడ్డ దాకా మాటలు విని నమోదు చేయాలి. ఆ పనికి కోయ ఇంటిభాషగా పెరిగి, వాక్చికిత్స చదివినవారు కావాలి. డిగ్రీకి వెళ్లలేనివారికి పునరావాస మండలి గుర్తించిన ఏడాది డిప్లొమా కూడా ఉంది. దానితో థెరపిస్టుకు సహాయకులుగా పనిచేస్తూ, బిడ్డకూ పరీక్షకుడికీ మధ్య నిలిచి, 'ఏరు' అంటే నీళ్లేనని అక్కడికక్కడే చెప్పగలుగుతారు.